తొమ్మిదో షరతు

శుక్రవారం. మధ్యాహ్నం 2.10.

సింగ్‌నగర్‌లో ఒక గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్. బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. నగలున్నాయి. పట్టుచీరలున్నాయి. లీజు పత్రం లేదు.

"నగలు పోయినా ఇంత ఏడ్చేదాన్ని కాదండీ," అంది జమీలా.

ఎస్సై మార్త నోట్‌బుక్ తెరిచింది. ఫ్లాటు జమీలా వాళ్లది. కింద నేల మాత్రం కూచిపూడి రైతు రత్తయ్యది. ముప్పై మూడేళ్ల లీజు ఈ సాయంత్రం అయిదింటితో సరి. ఆలోగా పొడిగించుకోకపోతే నేలతోపాటు ఫ్లాటూ ఆయనదే.

ఆ రత్తయ్య సోఫాలోనే ఉన్నాడు. మూడో టీ తాగుతున్నాడు.

"నన్నలా చూడకండమ్మా. సంతకం పెట్టడానికే పొద్దున్నే బస్సెక్కొచ్చా. తొమ్మిదో షరతు మా నాన్న రాయించాడు. అసలు పత్రం వెనకవైపే పొడిగింపు రాసి నేను సంతకం పెట్టాలి. వేరే కాగితం చెల్లదు."

"పత్రం దొరక్కపోతే మీకే లాభం కదండీ?"

"లాభమే. అందుకేగా టీలు ఇంత మర్యాదగా వస్తున్నాయి."

జమీలా కొంగుతో కళ్లు తుడుచుకుంది. "దొంగెవరో నాకు తెలుసు మేడమ్. మా తమ్ముడే."

గోడకు ఆనుకుని నిలబడ్డ ఇష్తియాక్ ఉలిక్కిపడ్డాడు. "అక్కా!"

"గన్నవరంలో ఫ్లాట్లు అమ్ముతాడు. ఇది పోతే మాకొకటి అంటగట్టొచ్చని. బుధవారం మధ్యాహ్నం వచ్చి గంటసేపున్నాడు. సాయంత్రం చూస్తే పత్రం లేదు."

"బిర్యానీ తిని వెళ్లాను మేడమ్. బీరువా వైపు కూడా చూళ్లేదు."

"ఇక నుంచి నీకు పార్సిల్ కట్టి గుమ్మం బయటే ఇస్తాలే."

ఇష్తియాక్ గోడ దగ్గర్నుంచి కదిలాడు. చెప్పుల వైపు నడిచాడు. పత్రం దొరికేదాకా ఉండమంది మార్త.

ఇక మిగిలింది, మళ్లీ స్కూటర్ దాకా వెళ్లొచ్చిన జమీలా భర్త సైదావలి. గవర్నర్‌పేటలో జిరాక్స్, లామినేషన్ షాపు.

"పత్రం మీరు ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"మంగళవారం. ఫోటో తీసి రత్తయ్యగారికి వాట్సాప్ చేశా."

"టైమ్?"

"సాయంత్రం 6.40."

"తర్వాత?"

"బీరువాలో పెట్టేశా. మళ్లీ ముట్టుకోలేదు."

మార్త ఇల్లు కలియజూసింది. బుడమేరు వరద నీళ్లు నిలిచిన గీత గోడ మీద నడుమెత్తున ఇంకా ఉంది. ఇంట్లో కాగితమన్నదల్లా ప్లాస్టిక్‌లో ఉంది. కరెంటు బిల్లు, గ్యాస్ బుక్కు, చివరికి బిర్యానీ మసాలా కొలతలు కూడా.

"వరద తర్వాత పట్టుకుంది మేడమ్ మా ఆయనకి ఈ పిచ్చి," అంది జమీలా. "నన్నొక్కదాన్నే వదిలేశారు, నా సైజు ప్లాస్టిక్ పౌచ్ దొరక్క."

3.25. మార్త రత్తయ్య ఫోన్ అడిగి తీసుకుంది. పత్రం ఫోటో. మధ్యలో తెల్లగా, గుండ్రంగా ఒక వెలుగు.

"ఫ్లాష్ పడిందమ్మా. సరిగ్గా తొమ్మిదో షరతు మీదే. కనపడటం లేదని బుధవారం పొద్దున నేనే సైదావలికి ఫోన్ చేసి నా జిరాక్స్ చూసి చదివి వినిపించా."

మార్త ఫోన్‌ను అందరి వైపూ తిప్పింది.

"ముప్పై మూడేళ్ల నాటి స్టాంపు పేపరు. ఇలా మెరుస్తుందా?"

సైదావలి గుమ్మం వైపు జరిగాడు.

"సైదావలిగారూ, మంగళవారం పత్రాన్ని లామినేట్ చేశారు. ఆ తర్వాతే ఫోటో. బుధవారం షరతు విన్నారు. ప్లాస్టిక్ మీద రత్తయ్యగారు ఏం రాస్తారు? ఆ రోజే పత్రం మాయం. నేనొచ్చాక మూడుసార్లు బయటికెళ్లి స్కూటర్ సీటు తడిమి వచ్చారు. తాళం ఇస్తారా?"

డిక్కీలో రెయిన్‌కోటు. దాని మడతలో పత్రం. నిగనిగలాడుతోంది.

"మళ్లీ నీళ్లొస్తే తడవకూడదని చేశా జమీలా. చెప్పడానికి నోరు రాలేదు."

"మా తమ్ముణ్ణి దొంగంటుంటే కూడా రాలేదా మీ నోరు?"

4.15. రత్తయ్య పత్రాన్ని తిప్పి చూశాడు. మళ్లీ తిప్పాడు. "ఇటూ అక్షరాలే, అటూ అక్షరాలే. వెనకవైపేదీ?"

మార్త అందుకుంది. "లీజు రెండు కాగితాలూ కలిపి ఒకే పౌచ్‌లో పెట్టారా?"

"వీపులు ఆనించి పెట్టా మేడమ్," అన్నాడు సైదావలి నేల చూస్తూ. "ఇంకో పౌచ్ దండగెందుకని."

"బ్లేడు తెండి."

నాలుగు అంచులూ కోసింది. కాగితాలు రెండూ విడివడ్డాయి. ముందువైపులకే ప్లాస్టిక్ అంటుకుంది. వెనకవైపులు ఒకదాన్నొకటి కాచుకున్నాయి. ఖాళీగా, పొడిగా.

రత్తయ్య చాలాసేపు గడియారం చూశాడు. తర్వాత నిట్టూర్చి పెన్ను తీశాడు. 4.41కి సంతకం పడింది. రిజిస్ట్రేషన్‌కి సోమవారం వస్తానన్నాడు.

జమీలా గోడ వైపు తిరిగింది. ఇష్తియాక్ లేడు. గుమ్మంలో చెప్పులూ లేవు.

"మేడమ్, వాడి మీద ఇచ్చిన కంప్లయింట్..."

"నా నోట్‌బుక్‌లోంచి కొట్టేశానండీ," అంది మార్త టోపీ పెట్టుకుంటూ. "అంతవరకే నా చేతిలో ఉంది."

జమీలా ఫోన్ చేసింది. మోగింది. మళ్లీ చేసింది. మోగుతూనే ఉంది.

టేబుల్ మీద సిరాలో ఇంకో ముప్పై మూడేళ్లు ఆరుతున్నాయి.