మోచేతి ఎత్తు

పొద్దున్న ఆరున్నరకే షెడ్డులోంచి ఈల వినిపిస్తోంది.

ఆ ఇంట్లో ఏడాదిన్నరగా ఎవరూ ఈల వేసింది లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఫిట్టరుగా పనిచేసిన పెద్దాయనను ఒక సోమవారం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపేశారు. మూసేశాం, ఇంటికెళ్ళండి అన్నారు. లోపలికెళ్ళి తన బెంచీని ఒక్కసారి చూసుకుని వస్తానన్నా ఒప్పుకోలేదు. సుత్తి ఏ వైపు పట్టుకోవాలో తెలియని కుర్రాడొకడు ఆయన చేతిలో కాగితం పెట్టి, సంతకం ఎక్కడ చెయ్యాలో వేలితో చూపించాడు. అప్పట్నుంచి ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, వీధిలో పోయేవాళ్ళ నడకలకు వంకలు పెడుతూ కాలం గడిపాడు.

మళ్ళీ ఆయన్ని మనిషిని చేసింది ఆ షెడ్డే. కోడలికి మోటారు వైండింగు పని వచ్చు. కాలిపోయిన మోటారు తెచ్చిస్తే, మాడిన తీగంతా పీకేసి కొత్త రాగి తీగ చుట్టి మళ్ళీ తిప్పిస్తుంది. పెళ్ళికి ముందు పదేళ్ళు వేరేవాళ్ళ షాపుల్లో చేసింది. వచ్చిన మంచి పేరు షాపువాళ్ళకు, వేళ్ళకు కోతలు తనకు. ఇక్కడికొచ్చాక హాల్లోనే ఒక మూల చేసుకుంటోంది. వార్నిష్ వాసన ఇల్లంతా పట్టేసింది.

“టీ తాగుతున్నానో మోటారు తాగుతున్నానో తెలియట్లేదమ్మాయ్,” అని అత్తగారు నవ్వుతూనే అనేది.

నాలుగు నెలల క్రితం పంపుల షాపాయన కబురు పెట్టాడు. పద్ధతైన చోటు చూపిస్తే తన దగ్గరికొచ్చే కాలిన మోటార్లన్నీ ఆమెకే పంపుతానన్నాడు. అలాంటి చోటు లేకపోతే తన షాపుకే వచ్చి పనిచెయ్యమన్నాడు. పొద్దున్న ఎనిమిదికి వెళ్తే రాత్రి ఎనిమిదికి రావడం. సొంత చోటులో, సొంత పని చేసుకోవాలని ఆమెకు పదేళ్ళ కోరిక. ఆ మాట చెవిన పడిన రోజే పెద్దాయన కిటికీ దగ్గర్నుంచి లేచాడు.

కారు షెడ్డు వెనక గోడ తీయించి, పెరట్లోకి పన్నెండడుగులు పెంచాడు. తాపీ మేస్త్రి కట్టిన ప్రతి వరసకూ రసమట్టం పెట్టి చూసేవాడు. రెండు వరసలు పీకించాడు కూడా. ఫ్యాక్టరీలో ఆయన్ని ‘మిల్లీమీటరు’ అని ఊరికే పిలవలేదు. తల ప్రాణం తోకకొచ్చిన మేస్త్రి ఒకసారి తాపీ కింద పడేసి, “అయ్యా, నేను కట్టేది గోడా, గడియారమా?” అన్నాడు. నడినెత్తిన వెలుతురు పడేలా కప్పులో ఒక అద్దపు రేకు, వార్నిష్ వాసన పోవడానికి పెద్ద ఫ్యాను, తడి నిలవకుండా నేలకు వాలు. గోడకు పనిముట్ల చెక్క, ఒక్కో పనిముట్టు వెనక దాని ఆకారమే నల్లరంగుతో గీసి ఉంది. అన్నిటికంటే ముఖ్యం బెంచీ. ఇనుప యాంగిళ్ళ కాళ్ళు నేలలో పాతి కాంక్రీటు పోశాడు. పైన నాలుగంగుళాల మందం చెక్క. ఆ చెక్క అంచున, ఇనుప ముక్కల్ని బిగించి పట్టే పచ్చరంగు వైసు.

ఇవాళ ఆ వైసుకు చివరి బోల్టు బిగించి అందర్నీ పిలిచాడు.

“ఏనుగొచ్చి తోసినా కదలదు,” అన్నాడు బెంచీని చరుస్తూ.

“ఏనుగు మన పెరట్లోకెందుకొస్తుంది నాన్నా? పార్కింగు దొరక్కనా?” అన్నాడు కొడుకు. పార్సిల్ ఆఫీసుకు వెళ్ళే తొందరలో ఒక కాలికే బూటు వేసుకుని వచ్చాడు.

“నువ్వు నోరు మూసుకుని రెండో బూటు వేసుకో. ఏమ్మా, ఎలా ఉంది?”

కోడలు బెంచీ ముందుకెళ్ళి నిలబడింది. చెక్క మీద అరచెయ్యి ఆనించింది. చెయ్యి భుజం దాకా లేచింది. వెంటనే కిందికి దించేసి నవ్వింది.

“చాలా బాగుంది మామయ్యా.”

ఆయన మళ్ళీ ఈల అందుకున్నాడు.

మధ్యాహ్నం ఆయన స్క్రూలు కొనడానికి బజారుకెళ్ళాక ఆమె ఒక మోటారును మోసుకొచ్చి ఆ బెంచీ మీద పెట్టింది. వైండింగు పనంటే లోపలికి తొంగి చూడాలి. సన్నటి గాడుల్లోకి తీగలు ఒక్కొక్కటే వేలితో నొక్కుతూ దించాలి. ఆమె మునివేళ్ళ మీద నిలబడినా గాడులు కనిపించలేదు. తడుముకుంటూ చేస్తే తీగ పైపూత గీసుకుపోయింది. అలా గీసుకున్న తీగ మళ్ళీ కాలిపోతుంది. పావుగంటకే భుజాలు లాగేశాయి. పనిముట్ల చెక్కలో పై వరస అసలు అందనేలేదు. చివరికి మోటారును కిందికి దింపి, కొత్త నేల మీద చతికిలబడి పని మొదలుపెట్టింది.

గుమ్మంలోంచి అత్తగారు చూసింది. ఒక్క చూపులో ఆమెకు మొత్తం అర్థమైంది.

“ఎత్తైపోయిందా?”

“కాస్త.”

“కాస్తేంటే, బట్టలు ఆరేస్తున్నదానిలా నిలబడాలి నువ్వు!” గొంతు తగ్గించి దగ్గరికొచ్చి కూర్చుంది. “అమ్మాయ్, ఒక మాట అడుగుతాను, తిట్టుకోకు. ఆయనకిప్పుడే చెప్పకు. నాలుగు రోజులు పోనీ. ఏడాదిన్నర తర్వాత ఆ మనిషి నాతో ‘కూరలో ఉప్పు తక్కువైంది’ అన్నాడు తెలుసా? అన్నాళ్ళూ ఏం పెట్టినా మాట్లాడకుండా తినేవాడు.”

“చెప్పను అత్తయ్యా,” అంది కోడలు. “ఆయనలో మార్పు నాకు మాత్రం కనిపించట్లేదా?”

నాలుగు రోజులు పది రోజులయ్యాయి. పెద్దాయన షెడ్డులో ఉంటే కోడలికి వంటింట్లో ఏదో పని తగిలేది. ఆయన బయటికెళ్తే నేల మీద కూర్చుని చుట్టేది. అడుగుల చప్పుడు వినగానే మోటారును బెంచీ మీదికెత్తి, పక్కన నిలబడి తుడుస్తున్నట్టు నటించేది. కొడుకు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఇంట్లో ముగ్గురికీ తెలిసిన సంగతి ఆయనొక్కడికే తెలియదు. బోలెడంత ప్రేమ ఉండి, నోరు పెగలని ఇళ్ళలో ఇలాగే జరుగుతుంది.

ఈలోగా ఆయన ఆ బెంచీ దగ్గర పాడైన కుళాయిలు, పొరుగింటి తలుపు గడియ, ఎవరిదో ఇస్త్రీ పెట్టె బాగుచేస్తూ గంటలు గంటలు నిలబడేవాడు. ఆ ఎత్తులో ఆయన వీపు నిటారుగా ఉండేది. కోడలు వంటింటి కిటికీలోంచి ఆ వీపునే చూసేది. చూసీ చూసీ ఒక నిర్ణయానికొచ్చింది.

ఆదివారం పొద్దున్న అందరూ టీ తాగుతుండగా చెప్పింది.

“మామయ్యా, ఒకటో తారీఖు నుంచి పంపుల షాపుకు పనికెళ్దామనుకుంటున్నాను. వస్తానని ఆయనకు చెప్పాను.”

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు.

“మరి షెడ్డు?”

“షెడ్డు మీరు వాడుకోండి. మీ పని బాగా సాగుతోందిగా. పొరుగువాళ్ళంతా మీ దగ్గరికే వస్తున్నారు.”

“నా పనేంటి? ఇస్త్రీ పెట్టెలు బాగుచెయ్యడానికా నేను కట్టింది?” ఆయన మెడ ఎర్రబడింది. “నాలుగు నెలలు ఎండలో నిలబడి ఇటుక ఇటుకా చూసి కట్టించింది నీ కోసం కాదూ? పదిరోజుల నుంచీ చూస్తున్నాను. నేను లోపలుంటే నువ్వు అటువైపే రావు. వచ్చినా ఒక్క మోటారు చుట్టింది నేను చూడలేదు, తుడవడం తప్ప! ఇష్టం లేకపోతే ముందే చెప్పాల్సింది.”

“అది కాదు మామయ్యా...”

“ఇంకేంటి? ముసలాడు కట్టిన గదిలో పనిచెయ్యడం నామోషీయా? ఫ్యాక్టరీవాళ్ళకు పనికిరానివాణ్ణి నీకెలా పనికొస్తానులే!”

“నాన్నా, నోరు జారకు,” అన్నాడు కొడుకు. ఎప్పుడూ ఉండే వెటకారం ఆ గొంతులో లేదు.

“నువ్వు మధ్యలోకి రాకు!”

కోడలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తగారు కూర్చున్న చోటి నుంచి లేచింది.

“చాలు ఆపండి! నోరు మూసుకోమని ఆ పిల్లకు చెప్పింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టండి.”

“నువ్వా? ఏం చెప్పావు?”

“రండి. మీరూ రండి, నువ్వూ రావే.” భర్త చెయ్యి పట్టుకుని షెడ్డులోకి లాక్కెళ్ళింది. ఎప్పుడూ భర్తకు ఎదురు చెప్పని మనిషి అలా లాగుతుంటే ఆయన వెనకే నడిచాడు. “ఏమండీ, ఫ్యాక్టరీలో కొత్తవాడు చేరితే మీరు మొదట చేసే పనేంటి? పెళ్ళైన కొత్తలో నాకు వందసార్లు చెప్పి చంపారు. ఇప్పుడు మీ కోడలికి చెప్పండి.”

“ఏంటి, మోచెయ్యి కొలవడమా?”

“ఊఁ. ఎలా?”

“వైసు మీద మోచెయ్యి ఆనిస్తే పిడికిలి సరిగ్గా గడ్డం కిందికి రావాలి. అప్పుడే ఆ ఎత్తు ఆ మనిషికి...”

సగంలోనే ఆగి ఆయన వైసు వైపూ, కోడలి వైపూ చూశాడు.

“పది రోజులు నేల మీద కూర్చుని చుట్టింది చాలు. పెట్టవే,” అంది అత్తగారు.

కోడలు కదల్లేదు. “వద్దత్తయ్యా.”

“పెట్టమ్మా,” అన్నాడు పెద్దాయన. గొంతు పూర్తిగా దిగిపోయింది.

ఆమె వైసు మీద మోచెయ్యి ఆనించింది. ఆనించాలంటే భుజం చెవి దాకా లేపాల్సి వచ్చింది. పిడికిలి నుదురు దాటి పైకి పోయింది. చెయ్యెత్తి ఎవరినో కొట్టబోతున్నట్టుంది. పరీక్ష తప్పిన పిల్లలా ఆమె తలదించుకుంది.

ఆయన ఆ పిడికిలినీ, గడ్డాన్నీ, మధ్యనున్న జానెడు ఖాళీనీ చూశాడు.

“ఎంతమందికి కొలిచానో లెక్కలేదు,” అన్నాడు చివరికి. “పొట్టివాళ్ళు, పొడుగువాళ్ళు. ఇంట్లో ఉన్న పిల్లనే కొలవలేదు. కనీసం బెంచీ ఎత్తు ఎంత పెట్టాలని ఆలోచించలేదు కూడా. చెయ్యి దానంతటదే గీత గీసేసింది.”

“అది ఎవరి ఎత్తో మీకు తెలియదా?” అంది భార్య మెల్లగా. “మీరు రోజూ చెప్పుకునే మీ పాత బెంచీ ఎత్తేనండీ అది. పచ్చరంగు వైసుతో సహా.”

ఆయన చెక్క మీద చెయ్యి వేసి చూశాడు. నిజమే. వైసు అదే మూలన. గోడ మీద పనిముట్లు అదే వరసలో. గేటు దగ్గర ఆపేస్తే లోపలికెళ్ళి చూసుకోలేకపోయినదాన్ని, తన పెరట్లోనే మళ్ళీ కట్టుకున్నాడు. పైగా కోడలి కోసమని తనకు తానే చెప్పుకున్నాడు.

“అందుకేనా నువ్వు షాపుకెళ్తానన్నది?” అని అడిగాడు. “ఇది నాకు వదిలేసి?”

“మీ వీపు నిటారుగా ఉంటోంది మామయ్యా ఇక్కడ,” అంది కోడలు. “హాల్లో కుర్చీలో అలా ఉండేది కాదు.”

ఆయన వైసు బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

“ఏం చేస్తున్నారు మామయ్యా? మీరు అంత బాగా చేసిందాన్ని...”

“తప్పు కొలతకు చేసింది ఎంత బాగున్నా తప్పేనమ్మా. పదిరోజులు నా కోడలు నేల మీద కూర్చుందా? సిగ్గుండాలి నాకు. ఒరేయ్, నిలబడి చూస్తావేంటి, ఆ చివర పట్టుకో!”

“ఏనుగొచ్చినా కదలదన్నావుగా!” అన్నాడు కొడుకు మూలుగుతూ.

“నేను కదుపుతానుగా. పట్టు!”

ఇద్దరూ కలిసి చెక్కను దింపారు. ఆయన కోడల్ని చదును నేల మీద చెప్పుల్లేకుండా నిలబెట్టి, మోచెయ్యి మడవమని, నేల నుంచి రెండుసార్లు కొలిచాడు. మూడోసారి కూడా కొలిచాడు. వైసు మందం, చెక్క మందం తీసేసి, ఇనుప కాళ్ళ మీద సుద్దతో గీత గీశాడు. కటింగు మిషను అరుస్తుంటే నిప్పురవ్వలు షెడ్డంతా ఎగిరాయి. నాలుగు ఇనుప ముక్కలు నేల మీద పడ్డాయి. కొడుకు బోల్టులు అందించాడు. పనిముట్ల పై వరసను ఆయనే విప్పి కిందికి దించాడు.

భోజనాల వేళకు బెంచీ మళ్ళీ నిలబడింది. కోడలు మోచెయ్యి ఆనించింది. పిడికిలి వచ్చి గడ్డం కింద సరిగ్గా కూర్చుంది. మోటారును పైన పెట్టి వంగింది. లోపలి గాడులన్నీ కనిపించాయి. ఒక తీగ తీసి వేలితో దించింది. అది చప్పుడు లేకుండా గాడిలో కూర్చుంది.

“షాపాయనకు ఫోను చేస్తాను,” అంది తలెత్తకుండా. “మోటార్లే పంపమని చెప్తాను. నేను రానని చెప్తాను.”

“చెప్పు. తప్పకుండా చెప్పు.” ఆయన బెంచీని ఒకసారి తడిమి, తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మం వైపు నడిచాడు. ఆయనకిప్పుడు ఆ బెంచీ దగ్గర పనిచెయ్యాలంటే నడుం సగానికి వంచాలి. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసే కోశాడు.

“మామయ్యా, ఎక్కడికి?”

“నా పనైపోయిందిగా.”

“అయిపోవడమేంటి? షెడ్డు నిండా మోటార్లు వస్తే అరిగిపోయిన షాఫ్టులు, బిగుసుకుపోయిన బేరింగులు ఎవరు చూస్తారు? నేను తీగ చుట్టేదాన్ని, ఫిట్టర్ని కాదు. అవతలి గోడకు ఇంకో బెంచీ పడుతుంది. ఇలా రండి, నిలబడండి.”

“నాకెందుకమ్మా...”

“వెళ్ళండి, పిలుస్తుంటే బెట్టేంటి?” అంది భార్య.

ఆయన వచ్చి అవతలి గోడ దగ్గర నిలబడ్డాడు. కోడలు కొలత పట్టీ పట్టుకుని ఆయన కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

“చెప్పులు తీసెయ్యండి. మోచెయ్యి మడవండి. పిడికిలి గడ్డం కింద పెట్టండి. కదలకూడదు.”

ముప్పై ఒక్క ఏళ్ళలో వందలమందిని కొలిచిన మనిషి ఆయన. తనను ఎవరైనా కొలిచింది ఉద్యోగంలో చేరిన మొదటి రోజే. ఆయన అచ్చం ఆ రోజులాగే బిగుసుకుని నిలబడ్డాడు. ముందు గడ్డం వణికింది. తర్వాత కళ్ళు నిండి, నీళ్ళు చెంపల మీదికి జారాయి. తుడుచుకుందామంటే చెయ్యి తియ్యాలి. చెయ్యి తీస్తే కొలత పోతుంది. పిడికిలి గడ్డం కింద అలాగే ఉంచి, కదలకుండా ఏడ్చాడు.

భార్యే దగ్గరికొచ్చి, ఆయన భుజం మీది తువ్వాలు తీసి తుడిచింది.

“కదల్లేదుగా?” అన్నాడాయన.

“లేదు మామయ్యా,” అంది కోడలు. గోడ మీద సుద్దతో గీత గీసింది.