చప్పిడి గిన్నె మీద మూత

అసూయ ముందు ఎవరిని కాలుస్తుంది? ఎదుటివాళ్లనా, మోసేవాళ్లనా? పన్నెండేళ్ల సర్వీసులో ఎస్సై పద్మప్రియకు ఈ సందేహం తీరలేదు.

మంగళవారం ఉదయం 6.40. మణుగూరు బొగ్గుగని క్వార్టర్స్‌లో చిన్న కోడలు భవాని వాంతులతో పడిపోయింది. చేతులు వణుకుతున్నాయి. మాట తడబడుతోంది. భద్రాచలం దవాఖానాలో బ్లడ్ రిపోర్ట్ వచ్చింది. ఒంట్లో లిథియం ఉండాల్సినదానికి రెట్టింపు. మనసు ఒకసారి ఆకాశానికి, ఒకసారి పాతాళానికి పోయే జబ్బుకు ఆమె నాలుగేళ్లుగా వాడుతున్న మందే అది.

"పెద్ద కోడలే ఎక్కువేసింది మేడం," అంది అత్త ఆదెమ్మ. "మాత్రలిచ్చేది శ్యామలనే. చిన్నదంటే దానికి కడుపుమంట."

సాయంత్రంలోగా తేలకపోతే శ్యామలను అరెస్టు చేయాలి.

పద్మప్రియ క్వార్టర్స్‌కు వెళ్లి భవాని మాత్రల స్ట్రిప్పులు లెక్కపెట్టింది. రోజుకు రెండు. కొని ఇరవై రెండు రోజులు. నలభై నాలుగు ఖాళీలు. ఒక్కటీ తేడా లేదు.

వంటింట్లో శ్యామల కళ్లు వాచి ఉన్నాయి.

"భవాని మీద కుళ్లు ఉందా?"

"అవ్ మేడం, ఉంది. ఆమెకు పాలు, పండ్లు. నాకు అంట్లు. గంతమాత్రానికి చంపుతనా?"

"ఈ చిన్న గిన్నె?"

"నా చప్పిడి కూర. మా ఆయన గనిల సల్లగుండాలని పదకొండు రోజులు ఉప్పు ముట్టనని రాములోరికి మొక్కిన. రోజూ సగం తక్కువైతుంది. పిల్లి తింటుందేమో."

"మూత?"

"పెట్టింది పెట్టినట్టే ఉంటది."

పద్మప్రియ సైకియాట్రిస్టుకు ఫోన్ చేసింది. రెండు నిమిషాలు మాట్లాడింది. శ్యామలను జీపెక్కమంది.

సాయంత్రం 4.15. భవానికి సెలైన్ ఎక్కుతోంది. తెలివి వచ్చింది. మంచానికి చెరోవైపు అత్త, తోడికోడలు.

"తిని మళ్లీ మూత పెట్టే పిల్లిని నేనెక్కడా చూడలేదు," అంది పద్మప్రియ. "ఎన్ని రోజులు తిన్నావమ్మా?"

భవాని గోడవైపు తిరిగింది.

"తొమ్మిది. అక్క మొక్కు గురించి అత్తమ్మ వాడంతా చెప్పుకుంటది. నన్నేమో మందుల పిల్ల అంటది. నేను గూడ అదే మొక్కు మొక్కిన. చెప్పి చేస్తే అక్కను చూసి చేసినట్టయితది. అందుకే దాచి తిన్న. నా ఉప్పు కూర పెరట్ల పారబోసిన."

"ఉప్పు మానేస్తే ఒళ్లు లిథియంను బయటికి పోనివ్వదు," అంది పద్మప్రియ. "అదే మాత్ర లోపల పేరుకుని విషమవుతుంది. ఎవరూ ఎక్కువ వేయలేదు. డాక్టరును అడగకుండా మొక్కు మొక్కావు, అంతే."

శ్యామల కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఓ పిల్లీ, అడిగితే నేనే పెట్టకపోదునా?"

ఆదెమ్మ పెద్ద కోడలి ముఖం చూడలేకపోయింది. వంచిన తల ఎత్తకుండానే చిన్న కోడలి నుదుటి మీద చెయ్యి వేసింది.

"నాలుగేండ్ల సంది పూట తప్పకుండ మందేసుకుంటున్నవ్. గది గూడ మొక్కే బిడ్డా."

ఆ మంచిమాట కోడలికి ఆమె నాలుగేళ్లుగా బాకీ. ఇవాళ తీర్చుకుంది.