జలపాతం దగ్గర పట్టుకున్న చెయ్యి

బడి వ్యాను నడిపే ఆయన్ని పిల్లలంతా వ్యాను మామయ్య అనేవాళ్ళు. పదకొండేళ్ళుగా నడుపుతున్నాడు, ఒక్క పిల్లనీ ఎక్కడా మరిచిపోయి రాలేదు. చివరి స్టాపు అయ్యాక కూడా వెనక్కి వెళ్ళి, ఒంగి, సీట్ల కిందంతా చూసుకుంటేగానీ తలుపు వేసేవాడు కాదు. నిద్రపోయిన పిల్లలు జారి కింద ఉండిపోతారని భయం. "మీరు పిల్లల్ని దింపుతున్నారా, ఎలకల్ని పడుతున్నారా?" అని భార్య ఎగతాళి చేసేది.

సెలవులు ఇచ్చిన మొదటి ఆదివారం, భార్యనీ ఏడేళ్ళ కూతుర్నీ అదే వ్యానులో ఎక్కించుకుని కొండమీది పార్కుకి బయల్దేరాడు. నోరు మూయదు కాబట్టి కూతురికి ఇంట్లో పిచ్చుక అని పేరు. తీరా పైకి చేరేసరికి పొగమంచు కమ్మేసి పార్కు గేటు మూసేశారు. పిచ్చుక మొహం చిన్నబోయింది. గేటు దగ్గరి కాపలాదారు అది చూసి జాలిపడ్డాడు.

"దిగేటప్పుడు మూడో మలుపులో జలపాతం ఉంది సార్. మెట్లూ గిట్లూ ఏం లేవు. రోడ్డు మీంచి ఇరవై అడుగులు. పాపకి చూపించండి."

నాలుగు గంటలకి అక్కడ ఆగారు. ఇంకో బండి లేదు. పక్కనున్న టీ బడ్డీకి తాళం వేసుంది. భార్యకి మడమ బెణికి నాలుగు రోజులైంది. "నేను ఇక్కణ్ణుంచే చూస్తాను. త్వరగా వచ్చేయండి," అని వ్యానులోనే ఉండిపోయింది.

నల్లటి బండ మీంచి నీళ్ళు తెల్లగా దిగుతున్నాయి. నాచు వాసన, కుళ్ళిన ఆకుల వాసన, అంచున అడ్డంగా పెట్టిన, తుప్పుపట్టిన ఇనప కమ్మీల వాసన. హోరు ఎంతంటే, పక్కనే నిలబడి పిచ్చుక చెప్పే కబుర్లు సగం వినపడటం లేదు. ఫోటో తీద్దామని ఆయన కూతురి చెయ్యి వదిలాడు. ఫోను మీదా కళ్ళజోడు మీదా తుంపరే. చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయాడు. అంతలో మంచు కిందికి దిగింది. బండ మాయమైంది. నీళ్ళు మాయమయ్యాయి. హోరు మాత్రం మిగిలింది.

కుడి అరచేతిలోకి చిన్న చెయ్యి దూరింది. చల్లగా ఉంది.

"చలేస్తోందా తల్లీ?" అంటూ బొటనవేలితో రుద్దాడు. ఆ చెయ్యి గట్టిగా నొక్కింది. అలా ఎంతసేపు నిలబడ్డారో... ఎంత రుద్దినా వెచ్చబడటం లేదు. పిచ్చుక ఇంతసేపు మాట్లాడకుండా ఉండటమేమిటి అనుకున్నాడు.

వెనక నుంచి హారన్ మోగింది.

"నాన్నా! అమ్మ రమ్మంటోంది!"

పిచ్చుక గొంతు. రోడ్డు మీంచి. వ్యాను కిటికీలోంచి.

ఆయన కిందికి చూడలేదు. చూడలేకపోయాడు. చెయ్యి లాగాడు. రాలేదు.

"ఇంకొంచెం సేపు..." నడుము దగ్గర్నుంచి గుసగుస. పసిగొంతే. చాలాకాలం మాట్లాడక బొంగురుపోయినట్టు...

కళ్ళు మూసుకుని, రెండో చేత్తో ఆ వేళ్ళని ఒక్కొక్కటే ఊడదీశాడు. పరిగెత్తాడు.

వ్యానులో పిచ్చుక తల తుడుచుకుంటోంది. "చలేసి ఎప్పుడో వచ్చేశాను నాన్నా. నీకు చెప్పానుగా," అంది.

రెండు మలుపులు దిగాక బండి ఆపి, పిచ్చుకకి వినపడనంత దూరంగా నిలబడి, భార్యకి అంతా చెప్పాడు. ఆమె వెనక్కి తిరిగి కొండ వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా, "నిజం పిల్లేమోనండీ? ఎవరైనా వదిలేసి పోయారేమో," అంది.

తను ఊడదీసినవి ఒక పసిపిల్ల వేళ్ళయితే?

బండి వెనక్కి తిప్పాడు. టీ బడ్డీ వెనక చూశాడు. కమ్మీల కింద ఒంగి చూశాడు. మంచులోకి నోరారా పిలిచాడు.

"అమ్మా, ఎక్కడున్నావు? భయపడకు. నాతో రా... ఇంటికి తీసుకెళ్తాను."

హోరు ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. ఎవరూ రాలేదు.

గేటు దాకా వెళ్ళి చెబితే, కాపలాదారు మరో ఇద్దర్ని పిలుచుకొచ్చి టార్చిలైట్లతో గంటసేపు వెతికించాడు. "తప్పిపోయారని ఎవరూ రాలేదు సార్. మధ్యాహ్నం నుంచీ పైకి వచ్చింది మీ బండి ఒక్కటే," అన్నాడు.

బాగా చీకటి పడ్డాక ఇల్లు చేరారు. వ్యాను పెట్టే చోటు రోడ్డుకి ఇవతల, ఇల్లు అవతల. భార్య కుంటుకుంటూ ముందుగా దాటి తాళం తీస్తోంది. ఆయన కూతురి కోసం కుడిచెయ్యి చాచాడు.

పిచ్చుక ఆ చెయ్యి వైపు చూసి ఆగిపోయింది. ఒకడుగు వెనక్కి వేసింది. ఆయన వెనకగా చుట్టు తిరిగి వచ్చి ఎడమచెయ్యి పట్టుకుంది.

"ఏమ్మా, ఇటొచ్చావేం?"

పిచ్చుక ఆయన్ని ఒంగమని సైగ చేసి, చెవిలో చెప్పింది.

"అటు చోటు లేదు నాన్నా."