ఒక్క కుర్చీ వేసినందుకు

“శ్రీవాణిని నిలబడమన్నది ఎవరు?”

కోదాడ బట్టల షాపులో పట్టుచీరల కౌంటర్ ముందు నిలబడి ఉషశ్రీ గట్టిగానే అడిగింది. ఆమె సూర్యాపేట షాపులో సేల్స్‌గర్ల్, మూడు షాపుల పనివాళ్ళ యూనియన్‌కు సెక్రటరీ. పొద్దున్నే బస్సెక్కి, బస్టాండ్ నుంచి వానలో తడుస్తూ వచ్చింది.

“నేనే,” అన్నాడు శ్రీధర్. ఆ మూడు షాపుల యజమాని దయాకర్ కొడుకు.

దారంతా ఆమె పోట్లాటకు బోలెడు మాటలు కూడబెట్టుకుంది. తప్పు మేనేజర్ మీదికి తోస్తాడనుకుంది. ఇతగాడు ఒక్క మాటతో ఆ సరంజామా అంతా పాడుచేశాడు.

“ఐదో నెల అని తెల్వదా సార్?”

“తెలుసు. గిరాకీ తగ్గినంక కూసోమన్న. శ్రావణ శుక్రవారం కదా... తగ్గలేదు.”

ఆ షాపుల్లో పనివాళ్ళు కూర్చోకూడదు. కూర్చున్న మనిషిని చూస్తే గిరాకీ వెనక్కి పోతుందని దయాకర్ నమ్మకం. ఈ కౌంటర్లో పనిచేసే శ్రీవాణి ఆ శుక్రవారం తొమ్మిది గంటలు నిలబడి, చీర మడతపెడుతూనే పడిపోయింది. దవాఖానలో కడుపులో బిడ్డ దక్కలేదు. డాక్టర్ కాగితం మీద కారణమేమీ రాయలేదు. పనివాళ్ళకు ఆ కాగితం అక్కర్లేకపోయింది.

“మాఫ్ చెయ్యమంటే సరిపోతదా?” అన్నాడు శ్రీధర్ నెమ్మదిగా.

“సరిపోదు. కూసునే హక్కు రాసియ్యాలె. మూడు షాపులల్ల.”

“నాయిన సంతకం పెట్టడు.”

“పెట్టకుంటే బతుకమ్మ పండుగకు షట్టర్లు లేవవు.”

“సరే. రాసుడైతే మొదలుపెడదాం.”

అలా ప్రతి మంగళవారం మిర్యాలగూడ షాపు పైఅంతస్తులో, చీరల మూటల మధ్య చర్చలు మొదలయ్యాయి. ఇటు శ్రీధర్. అటు ఉషశ్రీ, సూర్యాపేట షాపులోనే ముప్ఫై ఐదేళ్ళ సర్వీసున్న వెంకటనర్సమ్మ. ఇద్దరికో కుర్చీ చాలని అతను, మనిషికొకటి కావాలని ఆమె.

“గిరాకీ వస్తే లేవాలె మరి.”

“లేస్తం సార్. షాపు నడిస్తేనే గద మా పొయ్యి వెలిగేది.”

ఆ మాట కూడా కాగితం మీదికెక్కింది. నెలకోసారి రెండు పక్షాలూ కలిసి కూర్చోవాలన్నదీ ఎక్కింది. నాలుగో మంగళవారానికి ఎక్కకూడనిది ఒకటి ఎక్కబోయింది.

“మీరు నవ్వితే మంచిగుంటరు.”

“గది ఎన్నో నంబర్ షరతు సార్?”

“రాసుకోమంటరా?”

“రాసుకోండ్రి. ఎట్లాగూ మీ నాయిన సంతకం పెట్టడు.”

వెంకటనర్సమ్మ లేని దగ్గు తెచ్చుకుంది. ఉషశ్రీ మొహం ఎర్రబడింది.

అక్కడితో ఆగితే బాగుండేది. మెట్లు దిగుతున్నప్పుడు శ్రీధర్ ఆమె వాచిన పాదాలు చూశాడు. మర్నాడు సూర్యాపేటలో ఉషశ్రీ అన్నం తిని కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి, వెనకాల కొత్త కుర్చీ ఉంది. షాపు మొత్తానికి ఒక్కటే. చిన్నసారు పంపాడట.

పక్క కౌంటర్లో పనిచేసే కమల ఆ కుర్చీని చూసింది, ఉషశ్రీని చూసింది.

“నీది నీకొచ్చింది. ఇగ మా సంగతేంది?”

సాయంత్రం మీటింగులో ఎవరూ ఉషశ్రీని తిట్టలేదు. తిడితే నయంగా ఉండేది. ఆమే లేచి సెక్రటరీ పదవి వదిలేసి, బయటికొచ్చి ఫోన్ చేసింది.

“ఏం చేసినవ్ శ్రీధర్?”

పేరు పెట్టి పిలవడం అదే మొదలు. అందుకు సంతోషపడే తీరిక అతనికి దొరకలేదు.

“నీ కాళ్ళు వాచినయ్. చూడలేకపోయిన.”

“శ్రీవాణి కాళ్ళు గూడ వాచినయ్. గప్పుడు సూడగలిగినవా?”

ఆమెకు ఏడుపొచ్చింది.

“నువ్వంటే నాకూ ఇష్టమే,” అంది ఏడుస్తూనే. “గానీ ఆ కుర్చీ ఉన్నన్ని రోజులు నాతోని మాట్లాడకు.”

మర్నాడు సూర్యాపేటలో షట్టర్ ఎత్తగానే శ్రీధర్ ఆ కుర్చీని తీసుకొచ్చి తండ్రి ఎదుట, అందరి మధ్య పెట్టాడు.

“ఇది ఉష అడగలేదు. ఆమె అంటే నాకు ఇష్టం, అందుకే ఏసిన. అందరికి రావాల్సింది ఒక్కరికిచ్చిన. తప్పు నాది.”

దయాకర్ తల పట్టుకున్నాడు. “ఏందిరా ఇది? షాపా, పెళ్ళిచూపులా?”

“సేటూ,” అంది వెంకటనర్సమ్మ. “మీ నాయిన ఉన్నప్పుడు గీడ తెల్ల పరుపు ఉండె. ఆయన కూసోనే అమ్మిండు. మేమూ కూసోనే అమ్మినం. గిరాకీ రాలేదా? అద్దాల కౌంటర్లు వచ్చినంకనే గద మేం నిలబడ్డది.”

దయాకర్ చూపు ఒకప్పుడు ఆ పరుపు ఉన్న చోటికి పోయింది. మూడు రోజులు ఇంట్లో కూడా సరిగ్గా మాట్లాడలేదు. నాలుగో రోజు కాగితం తెప్పించుకుని సంతకం పెట్టాడు. యూనియన్ తరఫున కొత్త సెక్రటరీ వెంకటనర్సమ్మ పెట్టింది.

“నీ మీద కోపం లేదు బిడ్డా,” అంది ఉషశ్రీతో. “ఓనరింట్ల మనసు పెట్టుకున్నోళ్ళు గీడ సంతకం పెట్టొద్దు.”

అది న్యాయమేనని ఉషశ్రీకి తెలుసు. అయినా మనసు విరిగింది. తను రాసిన కాగితం మీద తన పేరే లేదు.

“ఇగ మన సంగతి?” అడిగాడు శ్రీధర్.

“మీ ఇంట్ల, మా ఇంట్ల తర్వాత అడుగుదాం. ముందుగాల శ్రీవాణక్కను అడగాలె.”

ఇద్దరూ కోదాడ వెళ్ళారు. శ్రీవాణి మళ్ళీ పనిలో చేరింది. కౌంటర్ వెనక కుర్చీ ఉన్నా నిలబడే ఉంది. ఉషశ్రీ చెప్పిందంతా చీర మడతపెడుతూ విన్నది.

“మిమ్మల్ని మాఫ్ చేయలేను సార్. చేశానంటే అబద్ధమవుద్ది.”

“మాఫ్ చెయ్యమని అడగడానికి రాలేదు,” అన్నాడు శ్రీధర్.

“ఉషని చేసుకోండి. నా అడ్డమేం లేదు. పెళ్ళికి మాత్రం నేను రాను.”

ఉషశ్రీ ఆమె చేయి పట్టుకుంది. “రాకున్నా సరే అక్కా. పెళ్ళిచీర నువ్వే సూపియ్యాలె. కూసోని సూపియ్యాలె. లేకుంటే నేను కొన.”

శ్రీవాణి చేయి విడిపించుకుని చీర మడత పూర్తిచేసింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. కూర్చున్నాక ఏడ్చింది. దవాఖాన నుంచి వచ్చాక ఆమె ఏడుస్తుంటే షాపులో వాళ్ళు చూడటం అదే మొదటిసారి. శ్రీధర్‌కు అక్కడ ఉండబుద్ధి కాలేదు. వెళ్ళిపోవడం ఇంకా పెద్ద తప్పనిపించి, అలాగే నిలబడ్డాడు.

కాసేపటికి ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“ఏ రంగు చూపించమంటావు ఉషా?”