ట్రింకోమలీ సర్వర్

"మన ఏజెంట్ ఒకతె అమ్ముడుపోయింది. పేరు ఇరేషా."

కొలంబో సముద్రతీరంలోని గాల్ ఫేస్ గట్టు మీద రొయ్యల వడ కొరుకుతూ చెప్పింది గూఢచార శాఖ అధిపతి శ్రియాని. పక్కనే ఏసీ మెకానిక్ వేషంలో ఏజెంట్ నువాన్.

"ఏం చేసిందక్కా?"

"కొలంబో, గాల్, ట్రింకోమలీ. మూడు సర్వర్లలో ఓడ వివరాలు ఒకేలా ఉంటేనే దాన్ని రేవులోకి రానిస్తారు. కొన్నాళ్లుగా ఒకదాన్నుంచి ఒకదానికి ఆ డేటా చేరడం నత్తనడక నడుస్తోంది. ఓడలన్నీ సముద్రంలోనే ఆగిపోయాయి. ఇరేషా పనే. విదేశీ ముఠాలో చేరింది. పట్టుకురా."

కొలంబో రేవు కంట్రోల్ రూమ్‌లో ఏసీ విప్పుతున్నట్టు నటిస్తూ, స్క్రూడ్రైవర్‌లో దాచిన మీటర్‌ని కేబుల్‌కి తాకించాడు నువాన్. ఎర్రదీపం వెలిగింది. ట్రింకోమలీ లైన్‌ని ఎవరో కావాలనే తొక్కిపెడుతున్నారు. సిగ్నల్ పక్క గదిలోంచి వస్తోంది.

అక్కడ నెమలికంఠం రంగు చీరలో ఇరేషా. చేతిలో లిప్‌స్టిక్. దాని అడుగున సన్నటి యాంటెనా.

నువాన్ పిస్టల్ తీశాడు. "కింద పెట్టు."

"పెడితే ఈ ఊరు మిగలదు తమ్ముడూ. ముఠాలో చేరింది వాళ్ల గుట్టు లాగడానికే. నిన్న వచ్చి బయట ఆగిన తెల్ల ఓడ నిండా పేలుడు మందు. ఇక్కడి చీఫ్ ఇంజినీర్ గిహాన్ ఓడ రాకముందే రికార్డులో దాన్ని గోధుమపిండిగా మార్చేశాడు. కొలంబో, గాల్ రెండూ అదే చెబుతున్నాయి. నిజం ట్రింకోమలీలోనే మిగిలింది. ఆ మార్పును అక్కడికి చేరకుండా ఆపలేను. నెమ్మది చెయ్యగలను, అంతే."

"అక్కకి చెప్పలేదేం?"

"నా ఫోన్ గిహాన్ వింటున్నాడు."

నమ్మాలా? నువాన్ వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. అంతలో కంట్రోల్ రూమ్‌లోంచి గిహాన్ కేక:

"ఆ ట్రింకోమలీ ముసలి సర్వర్‌ని క్లస్టర్‌లోంచి పీకేస్తున్నా! రెండు సర్వర్లు చాలు. ముందు ఆ తెల్ల ఓడని రానివ్వండి!"

ఎప్పట్నుంచో పడిగాపులు కాస్తున్న ఓడలుండగా, నిన్న వచ్చినదానికి అంత తొందరేమిటి?

నువాన్ పరుగెత్తాడు. గిహాన్ వేలు ఎంటర్ మీద వాలబోతోంది. నువాన్ విసిరిన రెంచి తగిలి కీబోర్డు ముక్కలైంది.

"ఏసీ వాడివి, నీకెందుకురా?"

"తమరు బాగా వేడెక్కారు సార్. చల్లబరుద్దామని."

గిహాన్ చేతులకి బేడీలు పడ్డాయి. నౌకాదళం పడవలు తెల్ల ఓడని చుట్టుముట్టాయి. గోధుమపిండి బస్తాల్లో పిండి లేదు.

సాయంత్రం శ్రియాని ఫోన్ చేసింది.

"ఇరేషాకి మెడల్ ఇమ్మని మంత్రిత్వ శాఖ వాళ్లని అడిగాను. దేనికన్నారు. పని ఆలస్యం చేసినందుకని రాశాను."

"ఏమన్నారు?"

"అందుకే అయితే ముందు మా ఆఫీసంతటికీ ఇవ్వాలన్నారు."