తొక్కని ముద్ర

ప్రొఫెసర్ ఒడెస్సా మౌల్ట్రీ శవం మెట్ల కింద పడి ఉంది.

శనివారం ఉదయం ఏడున్నర. కేన్‌బ్రేక్ యూనివర్సిటీలో హోమ్‌కమింగ్, పూర్వ విద్యార్థులంతా తిరిగొచ్చే పండగ రోజు. రాత్రంతా వాన కురిసి వెలిసింది. మైదానంలో అప్పుడే పొయ్యిలు వెలిగాయి. మాంసం కాలుతున్న వాసన హాల్లోకి కూడా వస్తోంది. బ్యాండ్ వాళ్లు డ్రమ్ములు సవరించుకుంటున్నారు.

పదకొండింటికి ఈ హాల్లోనే వేడుక. యూనివర్సిటీకి పేరు తెచ్చిన పూర్వ విద్యార్థుల పటాలు గోడంతా ఉన్నాయి. వాటి పక్కన ఇవాళ కొత్త పటం పెడతారు. టీవీలో వార్తలు చదివే లైనస్ హార్గ్రోవ్‌ది. ఆయన్ని సభకు పరిచయం చెయ్యాల్సింది ఈ ప్రొఫెసరే. ఒకప్పుడు ఆయనకు చరిత్ర పాఠం చెప్పింది.

డిటెక్టివ్ లెఫ్టినెంట్ వెర్నెల్ గ్యాడీ మోకాళ్ల మీద కూర్చుని చూసింది. తల వెనక దెబ్బ. మెడ విరిగింది. కోటు భుజాల మీద ముందు వైపు ఎర్రమట్టి వేళ్ల గుర్తులు. పైన కప్పుకున్న శాలువా చిరిగి, ఒక ముక్క లేదు.

"జారిపడలేదు. ఎవరో తోశారు" అంది.

"ఎవరో ఏంటమ్మా? వాడే!" అన్నాడు యూనివర్సిటీ వైస్ ప్రెసిడెంట్ డాక్టర్ ట్యూన్‌స్టల్. "ట్రెమేన్ బ్రాక్స్‌టన్. ఫైనలియర్. ఫెయిల్ చేసిందని మొన్న ఆవిడ మీద నలుగురిలో అరిచాడు. ఇందాక ముందు తలుపు దగ్గరే దొరికాడు. సంకెళ్లేసి వ్యాన్‌లో పడేశాం. పది గంటలకు ఊరేగింపు. ఈలోగా వాణ్ని కౌంటీ జైలుకు పంపించెయ్."

ఆయనకు చచ్చిపోయిన మనిషి గురించి బెంగ లేదు. కెమెరాల గురించి ఉంది.

గ్యాడీ నేల వైపు చూసింది. పక్క తలుపు నుంచి మట్టి అడుగులు వచ్చాయి. తడికి అలుక్కుపోయి సైజు తెలియడం లేదు. హాలు మధ్యలో, పాలరాయిలో పొదిగిన యూనివర్సిటీ కంచు ముద్ర ఉంది. అడుగులు దాని దాకా తిన్నగా వచ్చి, పక్కకు వంగి, చుట్టు తిరిగి మెట్లెక్కాయి. తిరుగు అడుగులు దూరం దూరంగా ఉన్నాయి. పరుగెత్తాడు. అయినా ముద్ర దగ్గర మళ్లీ వంగాడు.

కేన్‌బ్రేక్‌లో చేరిన మొదటి రోజే చెప్తారు. పట్టా చేతికొచ్చేదాకా ఆ ముద్రను తొక్కకూడదు. తొక్కితే పట్టా రాదు. నవ్వుతూనే చెప్తారు, కానీ ఎవరూ తొక్కరు. పట్టా అందుకున్న రోజు మాత్రం దాని మీద గంతులేస్తారు. గ్యాడీ కూడా వేసింది. తల్లి ఫోటో తీసింది.

"చూశావుగా" అన్నాడు ట్యూన్‌స్టల్. "బయటివాడికి ముద్ర సంగతే తెలీదు, తొక్కేస్తాడు. మనవాడికి పట్టా ఉంటే దర్జాగా తొక్కి వెళ్తాడు. చుట్టు తిరిగాడంటే స్టూడెంటే. ఇంకేం కావాలి నీకు?"

గ్యాడీ మళ్లీ ఆ అడుగుల వైపు చూసింది. ఆ లెక్క సరిగ్గానే ఉంది. అదే ఆమెకు నచ్చలేదు.

*

ట్రెమేన్ వ్యాన్‌లో తల వంచుకుని కూర్చున్నాడు. బూట్ల నిండా ఎర్రమట్టి.

"ఆ మట్టేంటి?"

"ఇవాళ ఈ క్యాంపస్‌లో మట్టి అంటని బూటు ఒక్కటి చూపించండి మేడమ్."

"పొగరు తగ్గించు. హాల్లోకి ఎందుకెళ్లావు?"

"లోపలికెళ్లలేదు. ముందు తలుపు దగ్గరే ఆగాను. ఆవిడ రమ్మంటే వచ్చాను."

"ఎందుకు రమ్మంది?"

"అది నాకూ ఆవిడకీ సంబంధించిన విషయం."

"మర్డర్ కేసులో అలాంటి విషయాలుండవు. ఎందుకాగావు?"

"లోపల ఎవరో గొడవ పడుతున్నారు. మగ గొంతు. 'ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది' అని అరిచాడు. పెద్దవాళ్ల గొడవ నాకెందుకని బయట మెట్లు దిగిపోయాను. తర్వాత సెక్యూరిటీ వాళ్లు పట్టుకున్నారు."

"మరి ఈ ముక్క ఇప్పటిదాకా చెప్పవేం?"

"నన్నెవరైనా అడిగితేగా! ముందు సంకెళ్లేశారు. తర్వాత తిట్టారు. అడిగింది మీరే."

 గ్యాడీ తమ్ముణ్ని కూడా ఇలాగే తీసుకెళ్లారు. రెండేళ్లకు కేసు కొట్టేశారు. వాడు మళ్లీ పుస్తకం ముట్టలేదు. ఈ కౌంటీ జైల్లోకి నల్లజాతి కుర్రాడు వెళ్లడం తేలిక. అదే మనిషిగా తిరిగిరావడం కష్టం.

ఆమె ట్యూన్‌స్టల్ దగ్గరికొచ్చింది.

"వ్యాన్ కదలదు. పదకొండు దాకా నాకు టైమ్ కావాలి. శవాన్ని తీసుకెళ్తారు. ఫోటోలయ్యాక నేల కడిగిస్తాను. పటాలు ఎవరివి పెట్టాలో తేల్చే కమిటీని, అతిథుల్ని మాత్రం ఇక్కడికే పిలవండి."

"మతి పోయిందా నీకు? శవం లేచిన చోట సభా?"

"సభ కాదు, విచారణ. కాదంటే అదే కెమెరాల ముందు నేను మాట్లాడతాను. మీ ఇష్టం."

ట్యూన్‌స్టల్ పళ్లు నూరాడు. కానీ పిలిచాడు.

*

గ్యాడీ మెట్ల మీద నిలబడింది. అందర్నీ ముందు తలుపు నుంచి రమ్మంది.

కమిటీ పెద్ద, రిటైర్డ్ నర్సు లవీనియా స్ప్రూయిల్ ముందుగా వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సరిగ్గా ముద్ర మీద ఆగి చేతికర్రతో రెండుసార్లు కొట్టింది. యాభై ఏళ్లుగా అదే అలవాటు. తర్వాత ఒక జడ్జి తొక్కుకుంటూ వచ్చాడు. ఒక పాస్టరమ్మ తొక్కుకుంటూ వచ్చింది. ఎవరూ కిందికి చూడలేదు.

చివర లైనస్ హార్గ్రోవ్. బూడిదరంగు సూటు. అద్దంలా మెరిసే బూట్లు. ముద్ర దాకా తిన్నగా వచ్చాడు. పక్కకు వంగాడు. చుట్టు తిరిగి వచ్చి గ్యాడీకి చెయ్యి చాచాడు.

"ఘోరం. హోటల్ నుంచి ఇప్పుడే వస్తున్నాను. నాకు తల్లిలాంటిది."

గ్యాడీ ఆ చెయ్యి అందుకోలేదు.

"సార్, ఒక్కసారి వెనక్కెళ్లి ముద్ర మీద నిలబడండి. కొత్త పటం పెట్టే రోజు అలా ఫోటో తీయడం మన ఆచారమేగా."

"చావింట్లో ఫోటోలేంటమ్మా? సిగ్గుగా లేదూ?"

"ఒక్క అడుగు సార్."

ఆయన కదల్లేదు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఇదేం నాటకం?" ట్యూన్‌స్టల్ విసుక్కున్నాడు.

"పొద్దున మీరు చెప్పిందే. బయటివాడు కాదన్నారు. కరెక్ట్. పట్టా ఉన్నవాడు కాదన్నారు. అదీ కరెక్ట్. కాబట్టి స్టూడెంటే అన్నారు. అక్కడ పొరపడ్డారు. ఇక్కడ చదివి, పట్టా లేకుండానే వెళ్లిపోయినవాడు కూడా చుట్టే తిరుగుతాడు. మనిషిని చంపి పారిపోతూ కూడా తిరుగుతాడు. అది బుర్ర చేసే పని కాదు, కాళ్లు చేసే పని." ఆమె హార్గ్రోవ్ వైపు తిరిగింది. "టీవీలో ఎనభై మూడు బ్యాచ్ అని చెప్పుకుంటారు. ఆ పట్టా ఎక్కడ సార్?"

"నోరు అదుపులో పెట్టుకో. నేనెవరో తెలుసా?"

"తెలుసు. మీ కారు ఎక్కడుందో కూడా తెలుసు. మీరు చుట్టు తిరగ్గానే మా సార్జెంట్ దాని దగ్గరికెళ్లాడు."

సార్జెంట్ అప్పుడే తలుపు దగ్గరికొచ్చాడు. "కారు అద్దంలోంచి కనబడుతున్నాయి మేడమ్. వెనక సీటు కింద, తువ్వాల్లో చుట్టిన బూట్లు. ఎర్రమట్టి. వాటితో పాటు చిరిగిన శాలువా ముక్క. వారంట్ కోసం ఫోన్ చేశాను."

స్ప్రూయిల్ చేత్తో నోరు కప్పుకుంది. "ఒడెస్సా శాలువా" అంది మెల్లగా.

హార్గ్రోవ్ ముఖంలోని మర్యాద ఒక్కసారిగా ఊడిపోయింది.

"ఒక్క పేపర్!" అని అరిచాడు. "ఒకే ఒక్క పేపర్ ఫెయిల్ చేసింది ఆ ముసల్ది. నలభై ఏళ్లు నెట్టుకొచ్చాను, ఎవడూ అడగలేదు. పొద్దున బతిమాలాను. పట్టా తీసుకున్నాడని ఒక్క మాట అను, నీ సొమ్మేం పోయిందన్నాను. 'ఇక్కడ చదివాడంటాను, పట్టా మాట మాత్రం అనను' అంది. దేశమంతా చూస్తుండగా నన్ను బజారుకీడ్చాలనుకుంది!"

"మూర్ఖుడా" అంది స్ప్రూయిల్. చేతికర్రతో గోడ మీది పటాలు చూపించింది. "తల ఎత్తి చూడు. ఆ ట్రంపెట్ ఆయన రెండో ఏడే చదువు మానేశాడు. ఆ పక్కావిడ ఫీజు కట్టలేక వెళ్లిపోయింది. ఎవరి పటమైనా దించామా? నీకు పట్టా లేదని కమిటీలో అందరికీ తెలుసు. దానికి కాదు, నీ పొగరు చూసి వద్దన్నాం. మూడేళ్లు మాతో పోట్లాడి నీ పేరు పెట్టించిందెవరనుకున్నావు? ఒడెస్సాయే. 'ఆ ఒక్క పేపర్ మళ్లీ రాయమంటే రాలేదు గానీ, వాడు నా పిల్లాడే' అనేది."

హార్గ్రోవ్ తల ఎత్తి ఆ పటాల వైపు చూశాడు.  సార్జెంట్ ఆయన్ని బయటికి నడిపించాడు.

*

వ్యాన్ తలుపు తీసి గ్యాడీ తనే సంకెళ్లు విప్పింది.

ట్యూన్‌స్టల్ దగ్గరికొచ్చి చెయ్యి చాచాడు. "ఏమీ అనుకోకు బాబూ. పొరపాటైంది."

ట్రెమేన్ ఆ చేతి వైపు చూశాడు. తన మణికట్లు రుద్దుకున్నాడు. చెయ్యి కలపలేదు.

"ఆవిడ ఎందుకు రమ్మంది?" అడిగింది గ్యాడీ. ఈసారి మెల్లగా అడిగింది.

"నేనలా అరిచానా... అంతా విని, అయిపోయిందా అంది. ఇంటికెళ్లి ఆ పేపర్ మళ్లీ రాసుకురమ్మంది. పండగైనా సరే, శనివారం పొద్దున్నే రా, పక్కన కూర్చుని దిద్దుతానంది." వాడు వ్యాన్‌లోంచి బ్యాగు తీసుకున్నాడు. "రాత్రంతా రాశాను మేడమ్. బ్యాగులోనే ఉంది. ఇప్పుడెవరికివ్వాలి?"

 ట్యూన్‌స్టల్ చాచిన చెయ్యి ఇంకా అలాగే ఉంది. ట్రెమేన్ బ్యాగు భుజానికి తగిలించుకుని, ఆయన పక్క నుంచి నడిచి వెళ్లిపోయాడు.