చేతికందే ఎత్తు

తెల్లవారేసరికి ఆకాశం రెండు మనసులతో ఉంది. గోదావరి మీద లేచిన మబ్బు అడవి అంచుదాకా వచ్చి, ఇంకో అడుగు వేయాలా వద్దా అన్నట్టు ఆగిపోయింది. ఇప్పలగుంపు ఊరి మీద ఎండ. అవతల టేకు చెట్ల మీద వాన.

ఆ వాన ఇటు రాకముందే పని ముగించాలని బాలకృష్ణ తొందర. ఇంటి వెనక దొడ్లో, ఊడ్చిన నేల మీద, పొయ్యి బూడిదతో గీతలు గీస్తున్నాడు. ఇది తలుపు. ఇక్కడ నీళ్ల కుండలు. ఇక్కడ కోళ్లు మన్నులో పొర్లాడే చోటు. ఊళ్లో పది ఇండ్ల ఆడవాళ్ల సంఘానికి కలిపి ఒక కోళ్ల షెడ్డు మంజూరైంది. మూడు పక్కలా జాలీతో, గాలి ఆడేటట్టు కట్టాలి. సంఘానికి పెద్ద అతని తల్లి జంపక్క. కట్టేది బాలకృష్ణ.

అతనికి మాట తక్కువ. "మా అల్లుణ్ని ఒక మాట అడిగి, వాడు జవాబు చెప్పేలోపు చుట్ట కాల్చుకోవచ్చు" అంటాడు మేనమామ పగిడయ్య.

కంచె సందులోంచి ఒక స్కూటీ దూసుకొచ్చింది. రెండు గీతలు చెరిపి, సరిగ్గా గుడ్ల పెట్టెలు రావాల్సిన చోట ఆగింది. పొడుగాటి అమ్మాయి. భుజానికి బ్యాగు, నెత్తిన హెల్మెట్.

"జంపక్క ఇల్లు ఇదేనా?"

"బండి తియ్యిండ్రి."

"ఏమైంది?"

"కోళ్ల మీద పెట్టిండ్రు."

ఆమె ఉలిక్కిపడి కిందికి దూకింది. చక్రాల కింద వంగి చూసింది. "ఏవీ కోళ్లు?"

"ఇంకా రాలే."

ఆమె హెల్మెట్ తీసి, అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "రాని కోళ్లకే ఇంత కోపమా? వస్తే నన్ను పొడిపిస్తవేమో!"

పేరు మధులత. ఊరు ఖమ్మంలో ఖానాపురం హవేలి. భద్రాచలం ఆఫీసు నుంచి షెడ్డు పని చూడడానికి వచ్చింది. బ్యాగులోంచి ప్రింటు తీసిన ప్లాన్ చాపింది. "పెట్టెలు ఎక్కడ, బొంగులు ఎక్కడ, అన్నీ దీంట్లనే ఉన్నయి. మళ్లా ఈ ముగ్గులేంది?"

బాలకృష్ణ కాగితం తీసుకోలేదు. నిలబడిన చోటు నుంచే చూశాడు.

"పోయినేడు పక్కూళ్లె గిదే కాయితం మీద కట్టిండ్రు."

"అయితే?"

"కోళ్లు ఎక్కి పండుకునే బొంగులు మెట్లు మెట్లుగ పెట్టిండ్రు. అన్నిటికీ పై మెట్టే కావాలె. పొద్దుగూకితే కొట్లాట. పెట్టెలేమో బొంగులకంటె ఎత్తున పెట్టిండ్రు. కోడి ఎప్పుడైనా ఎత్తైన చోటే పండుకుంటది. బొంగులిడిసి పెట్టెలల్ల పండుకున్నయి. గుడ్లన్నీ రెట్టల పాలు."

చాటలో బియ్యం చెరుగుతూ బయటికొచ్చిన జంపక్క చెయ్యి అలాగే ఆగిపోయింది. కొడుకు నోట ఒక్కసారి అన్ని మాటలు విని ఆమెకు ఎన్నాళ్లయిందో!

మధులత ఆ ప్లాన్‌ను వెనక్కి తిప్పి, తెల్లగా ఉన్న వైపు స్కూటీ సీటు మీద పరిచింది. పెన్ను తీసింది.

"మళ్లా చెప్పు. మెల్లగ."

అతను చెప్పాడు. ఆమె గీసింది. మధ్యలో వాన ఒక అడుగు ఇటు వేసి, నేల మీది బూడిదంతా కడిగేసింది. కాగితం మీది గూడు మాత్రం మిగిలింది.

"ఆఫీసుల కాయితం ఈ పక్కనే చూపిస్త" అంది మధులత. "కానీ ఒక్క మాట. ఇయ్యాల్టికి పద్నాలుగో రోజు మా ఆఫీసు వెంకటరామారావు సార్ చూడనీకొస్తడు. ఆయనకు నచ్చకపోతే మొత్తం ఊడదీయమంటడు. పది ఇండ్లకూ కోళ్లు రావు. నన్ను మాటలంటరు, అది వేరే."

"నచ్చుతది."

"గంత నమ్మకమా?"

"కోళ్లకు నచ్చితే సార్‌కు నచ్చుతది."

ఆ తర్వాత రెండు రోజులకోసారి స్కూటీ వచ్చేది. ఆఫీసు దారి ఇటు కాదని ఇప్పలగుంపులో అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు, ఒక్క పగిడయ్య తప్ప. "ఈ పిల్ల షెడ్డు చూడనీకొస్తున్నదా, షెడ్డు కట్టేటోణ్ని చూడనీకొస్తున్నదా?" అని అతను ఎవరినీ అడగనట్టుగా అడిగేవాడు.

మధులత టేపుతో కొలిచేది. బాలకృష్ణ జానలతో కొలిచేవాడు.

"నీ జాన వేరు, నా జాన వేరు. లెక్క ఎట్ల కుదురుతది?"

"చూద్దాం."

ఆమె అరచెయ్యి చాపింది. అతను తన చెయ్యి పక్కన ఆనించి చూశాడు. తీరిగ్గా చూశాడు.

"వేలెడు తక్కువ."

"గది చెప్పనీకి ఇంతసేపా?"

"మళ్లోసారి చూసుకున్న."

ఆమె చటుక్కున చెయ్యి లాక్కుని టేపు చుట్టుకోవడంలో పడింది. చుట్టిన టేపునే మళ్లీ విప్పి చుట్టింది.

గుడ్ల పెట్టెల దగ్గర ఒకరోజు వాదన వచ్చింది. వాటిని నడుమ పెడితే చూపుకు బాగుంటుందని ఆమె. గోదావరి దిక్కునే పెట్టాలని అతను.

"జల్లు ఎప్పుడూ అటునుంచే కొడతది. పెట్టెల వీపు అటు పెడితే అదే గోడైతది. లోపల చీకటిగ ఉంటది. గుడ్డు పెట్టే కోడికి చాటు కావాలె. సిగ్గు దానికి."

"సిగ్గు కోడికేనా?" అంది మధులత, అతని చెవుల వైపు చూస్తూ. అవి నిజంగానే ఎర్రబడ్డాయి.

ఇంకో రోజు, అతను పెట్టెలకు మేకులు కొడుతుంటే ఆమె మామూలుగా అంది. "సార్ చూసి పోయినంక నన్ను కారేపల్లి దిక్కు వేస్తున్నరు. ఇంక ఇటు పనుండదు."

సుత్తి మేకును వదిలి బొటనవేలి మీద పడింది.

"అయ్యో! ఏమైంది?"

"ఏం లే."

ఏదో ఒకటి చెప్పాల్సిందని అతనికి తెలుసు. అడవిలో దుప్పి ఎటు పోయిందో గడ్డి చూసి చెప్పగలడు. ఈ ఒక్క మాటకు మాత్రం దారి దొరకలేదు. మిగిలిన మేకులన్నీ కొట్టేశాడు.

పద్నాలుగో రోజు వెంకటరామారావు జీపు దిగాడు. సంఘం ఆడవాళ్లు పదిమందీ మంచి చీరలు కట్టుకుని వరసగా నిలబడ్డారు. సార్ చూస్తాడని జంపక్క తన పదిహేను నాటుకోళ్లనూ మూడు రోజుల ముందే లోపల వదిలింది. ఆ పొద్దునే పెట్టెలో మొదటి గుడ్డు పడింది.

ఆయన లోపలికి పోయాడో లేదో, గోదావరి వైపు నుంచి జల్లు కొట్టింది. బయటున్నవాళ్లు తడిసి లోపలికి ఉరికారు. సార్ తన చొక్కా చూసుకున్నాడు. చుక్క పడలేదు. కింద మన్నులో ఒక పెట్ట హాయిగా పొర్లుతోంది. కుండల్లో నీళ్లు తేటగా ఉన్నాయి, ఎందుకంటే వాటి మీద బొంగు ఏదీ లేదు, రెట్ట పడే దారే లేదు.

"బొంగులన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయేంటి? ప్లాన్‌లో మెట్లు కదా?"

బాలకృష్ణ నేల చూశాడు. మధులత మోచేత్తో పొడిచింది. "చెప్పు."

"ఒకే ఎత్తుంటే ఎవరూ పెద్ద కాదు సార్, ఎవరూ చిన్న కాదు. కొట్లాట లేదు."

సార్ చాలాసేపు పైకి చూశాడు. జేబులోంచి పెన్ను తీసి, మధులత గీసిన కాగితం అడిగి తీసుకున్నాడు. "కోళ్లు వచ్చే వారం పంపిస్తాను. ఈ లేఅవుట్ ఎవరిదో దీని మీద పేరు రాయండి. మిగతా ఊళ్లకు ఇదే పంపుదాం."

మధులత తలొంచుకుని రాసింది. బాలకృష్ణ, ఇప్పలగుంపు. అక్షరాలు కొంచెం పెద్దగానే రాసింది. జంపక్కకు చదువు రాదు. అయినా కాగితం తీసుకుని, ఆ పేరు మీద వేలు పెట్టి పదిమందికీ చూపించింది.

"ఒక ఫొటో తీద్దాం. జంపక్కా, పెట్టెలోంచి గుడ్డు తియ్యి" అన్నాడు సార్.

జంపక్క చెయ్యి పెట్టింది. అందలేదు. మునివేళ్ల మీద లేచింది. పెట్టె అంచు దాకా వచ్చింది చెయ్యి, లోపలికి పోలేదు. పక్కనున్న ఆమెదీ అందలేదు. ఆ ఊరి ఆడవాళ్లంతా ఇంచుమించు జంపక్క ఎత్తే. చివరికి మధులత వచ్చి, చెయ్యి పూర్తిగా చాపకుండానే గుడ్డు తీసి జంపక్క చేతిలో పెట్టింది.

"ఈ ఒక్కటీ సరిచేసుకో బాబూ" అని నవ్వి సార్ జీపెక్కాడు.

జీపు మలుపు తిరిగింది. పగిడయ్య గొంతు సవరించుకున్నాడు. "అల్లుడా, పెట్టెలకు ఎత్తు ఎవర్ని నిలబెట్టి కొలిసినవ్?"

బాలకృష్ణకు అప్పుడు తెలిసింది. పెట్టెలు అమర్చే రోజు మధులత పెట్టెల గుంజకు చెయ్యి పైకెత్తి, తల ఎత్తున మోచెయ్యి ఆనించి ఏవో కబుర్లు చెప్పింది. అతని చెయ్యి ఆ మోచెయ్యి ఆనిన చోటే బొగ్గుతో గీత గీసింది. కోళ్లకోసం అన్నీ చూసినవాడు, అమ్మ ఎత్తు మరిచాడు.

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అతను సుత్తి అందుకున్నాడు. "ఇప్పుడే దించుత."

"ఆగు" అంది జంపక్క. "నాకు కింద ఒక బండ వెయ్యి. ఎక్కి తీసుకుంట. మా పదిమందికీ బండ చాలు. పెట్టెలు మాత్రం కదపకు."

మధులత నడుం మీద చేతులు పెట్టుకుంది. ముఖంలో నవ్వు దాగడం లేదు. "ఏం బాలకృష్ణా? గుడ్లు ఏరనీకి మనిషి కావాలని గిట్ల అడుగుతరా? నాకు నౌకరీ ఉన్నది."

పగిడయ్య చుట్ట కోసం రొండి తడుముకున్నాడు. ముట్టించే అవసరం రాలేదు.

"నౌకరీ చెయ్యి. కారేపల్లి అయినా సరే, పోయి రా. గుడ్లు నేనే ఏరుకుంట" అన్నాడు బాలకృష్ణ. "ఎత్తు మాత్రం నీదే ఉండనీ."

మధులత ముఖం పక్కకు తిప్పి జాలీ పట్టుకుంది. తిరిగి చూసేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

"మా నాయన బొగ్గుబాయి మనిషి" అంది జంపక్కతో. "కొలత తప్పితే కప్పు కూలుతదంటడు. కట్టింది చూడకుండ ఎవరి మాటా నమ్మడు."

"ఆదివారం తోలుకరా బిడ్డా. నా కొడుకు కట్టింది చూసుకోమను. ప్రతి గుంజా ఊపి చూసుకోమను." జంపక్క తల పైకెత్తి అంది. ఆ పొట్టి మనిషి అప్పుడు అందరికంటే ఎత్తుగా కనిపించింది.

అన్నం వేళయింది. ఇంటి పంచలో మోదుగాకు విస్తర్లు నాలుగు పరిచారు. వేడి అన్నం, బోడకాకర కూర, పచ్చిపులుసు. బాలకృష్ణ, ఎదురుగా మధులత. పగిడయ్య ఏదో అనడానికి నోరు తెరిచాడు. జంపక్క అతని విస్తట్లో ఇంకో గరిటె అన్నం వేసి అలాగే చూసింది. అతను నోరు మూసుకుని కలుపుకున్నాడు.

చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. నలుగురూ కడుపునిండా తిన్నారు.